తిండికి వంకలు పెట్టేవాళ్ళు హైదరాబాద్‌లో బయట తినాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు కొత్తిమీర వాసన పడదు. వంకాయ, పుట్టగొడుగులు ముట్టను. పచ్చి ఉల్లిపాయ ముక్క పంటికింద పడిందా, ఆ పూట భోజనం అయిపోయినట్టే. 2019లో యునెస్కో వాళ్ళు హైదరాబాద్‌ను తిండికి పేరున్న సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చారు. అలాంటి ఊళ్ళో ఉంటూ ఇన్ని వంకలేమిటని మావాళ్ళు నవ్వుతారు. అయినా పదిహేనేళ్ళుగా వారానికి రెండుమూడుసార్లు బయట తింటూనే ఉన్నాను. ఆ సంగతి తెలిసి చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వాళ్ళ పిల్లలు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

నాకు పడనివి ఇరవై దాకా ఉన్నాయి. ఇంత పేచీతో బయటికి వెళ్ళడం అవసరమా?

హాయిగా వెళ్ళొచ్చు. కాకపోతే ఆ ఇరవైని ముందు మూడు కుప్పలు చేసుకోండి. తింటే దద్దుర్లో, ఆయాసమో వచ్చేవి ఒక కుప్ప. రుచి, వాసన భరించలేనివి ఇంకోటి. కంటికి కనిపిస్తే ఏరి పక్కన పెట్టగలిగేవి మూడోది. మొదటి కుప్ప గురించి ఎక్కడికి వెళ్ళినా గట్టిగా చెప్పాల్సిందే. రెండోదాన్ని బట్టి వంటకం ఎంచుకోవాలి. మూడోదానికి అసలు నోరెత్తక్కర్లేదు. కరివేపాకును ఏరి పారేస్తూ పెరిగినవాళ్ళం, ఇంకో నాలుగు ముక్కలు ఏరడం మనకు లెక్కా? నా జాబితాలో సగానికి పైగా ఈ మూడో కుప్పలోకే పోయాయి.

ఇదంతా చిన్నప్పటి గారాబమేనని మా అత్తయ్య అంటుంది. నిజమేనా?

కొంత నిజం, కొంత కాదు. కొత్తిమీర సంగతే తీసుకోండి. దాని వాసనకు కారణమైన ఆల్డిహైడ్లనే పదార్థాలు సబ్బుల్లోనూ ఉంటాయి. ఓఆర్6ఏ2 అనే జన్యువు వాసనలను పసిగట్టడానికి పనికొచ్చేది. దాని దగ్గర ఉండే చిన్న తేడా వల్ల కొందరికి కొత్తిమీర అచ్చం సబ్బులా అనిపిస్తుందని పరిశోధకులు చెప్పారు. చేదు తెలియడంలోనూ మనిషికీ మనిషికీ పుట్టుకతో తేడా ఉంటుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా, అత్తయ్యకు ఆ మాట గుర్తుచేయండి.

ఒక్క జాగ్రత్త. తినగలిగేవి ఏడాదికేడాది తగ్గిపోతూ, బరువు పడిపోతూ, నలుగురిలో తినాలంటేనే భయం పట్టుకుంటే అది వంక కాదు. దాన్ని ఏఆర్‌ఎఫ్‌ఐడీ అనే పేరుతో అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5లో చేర్చింది. అప్పుడు డాక్టర్‌ను కలవాలి.

‘ఎక్కడికి వెళ్దాం?’ అని ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలి?

‘మీ ఇష్టం’ అని మాత్రం అనకండి. ఆ మాట అన్నాక వాళ్ళు తీసుకెళ్ళిన చోట మొహం మాడ్చుకుంటే తప్పు మీదే. అందరికంటే ముందు మీరే రెండు చోట్ల పేర్లు చెప్పండి. రెండూ మీరు తినగలిగేవే కావాలి, రెండూ వాళ్ళకీ నచ్చేవి కావాలి. జనం మూడో పేరు వెతికే ఓపిక లేక ఆ రెండింట్లో ఒకటి ఒప్పేసుకుంటారు.

మెనూ ముందే చూసుకోవడం వల్ల ఉపయోగం ఉందా?

మెనూ కంటే తిన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు నయం. హోటల్ వాళ్ళ ఫొటోల్లో అన్నీ మెరుస్తుంటాయి. జనం తీసిన మసక ఫొటోలో కూర మీద కొత్తిమీర ఎంత చల్లారో, క్రీమ్ పోశారో లేదో, నూనె ఎంత తేలుతోందో తెలిసిపోతుంది. నేను చుక్కలూ, రేటింగ్‌లూ చూడను, ఈ ఫొటోలే చూస్తాను.

## చోటు ఎంచుకోవడం

ఎలాంటి హోటల్లో మన మాట చెల్లుతుంది?

పేచీకోరుకు తెలియాల్సిన అసలు కిటుకు ఇదొక్కటే: వంటగదిలో ఏది ఎప్పుడు పడుతుందో తెలుసుకోవడం. మీరు చెప్పాక పొయ్యి మీద మొదలయ్యేదాన్ని మార్చగలరు. పొద్దున్నే వండి పెట్టుకున్నదాన్ని ఎంత బతిమాలినా మార్చలేరు.

దోసెనే చూడండి. పిండి పెనం మీద పోసేదాకా అది మన చేతిలోనే ఉంది. కారం పూయకుండా, ఉల్లి చల్లకుండా, ఆలూ కూర వేరే గిన్నెలో, నెయ్యి బదులు నూనె, బాగా ఎర్రగా... ఏది చెప్పినా కుదురుతుంది. పెసరట్టు దగ్గర మాత్రం అడిగి చూడాలి, అల్లం, పచ్చిమిర్చి కొన్నిచోట్ల పిండిలోనే రుబ్బేస్తారు. ఫ్రైడ్ రైస్, నూడుల్స్ కూడా దోసె లాంటివే. ప్లేటుకు ప్లేటు విడిగా కడాయిలో తిప్పుతారు కాబట్టి క్యాప్సికం, అజినమోటో, ఉల్లికాడలు వద్దంటే ఆగిపోతాయి.

ఇక అన్ని రకాలూ దొరికే పెద్ద రెస్టారెంట్లలో ‘ఉల్లి లేకుండా పనీర్ కూర చేయండి’ అంటే ఆర్డర్ తీసుకునే కెప్టెన్ తలూపుతాడు, కూరలో ఉల్లి ఉండనే ఉంటుంది. అతను అబద్ధమాడలేదు, కనబడే ముక్కలు తీయించాడు. మెనూలో రెండు పేజీల కూరలున్నా చాలా వంటగదుల్లో వాటి వెనక ఉండేవి రెండో మూడో గ్రేవీలు: ఉల్లి, టమాటా కలిపినది, టమాటా, జీడిపప్పు, వెన్నతో చేసే మఖనీ, ఉల్లి, జీడిపప్పుతో చేసే తెల్లది. పెద్ద గిన్నెల్లో ముందే ఉడికించి ఉంచుతారు. మనం ఆర్డర్ ఇచ్చాక అందులో ఓ గరిటె తీసి, పనీరో చికెనో వేసి, పైన మసాలా మారుస్తారు. కాబట్టి గ్రేవీలో ఉన్నదాంతో పేచీ ఉంటే కూర జోలికి పోకుండా తందూరీ రోటీ, దాల్, పొడి వేపుడు చూసుకోవడమే.

నేను కారం తినలేను. ఈ ఊళ్ళో నాకేం దొరుకుతుంది?

మీరనుకున్నంత కష్టమేం కాదు. ముందుగా మందీ అనే యెమెన్ వంటకం. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు ఉండే పేట బార్కస్. ఆ పేరే ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. అక్కడ మొదలైన మందీ హోటళ్ళు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి. మసాలా దినుసుల వాసనే తప్ప మంట లేని అన్నం, మెత్తగా ఉడికిన మాంసం, కారమంతా పక్కన ఇచ్చే టమాటా చట్నీలోనే. ఆ గిన్నెను అవతలికి జరిపేస్తే సరి.

ఉడిపి హోటళ్ళలో సాంబారు కాస్త తియ్యగా ఉంటుంది, అక్కడ ఇబ్బంది తక్కువ. ఆంధ్రా మెస్‌లో ముద్దపప్పు, నెయ్యి, అప్పడం, పెరుగు ఉంటే నేను ఒక పూట గడిపేస్తాను. రాయలసీమ పేరున్న బోర్డు కనిపిస్తే మాత్రం అక్కడ రాగి సంగటి మీకు, పులుసు పక్కవాళ్ళకు.

‘మీడియం’ అనే మాటను నమ్మొద్దు, అది వండేవాళ్ళ నాలుకకు మీడియం. ‘కారం తక్కువ’ అంటే చాలామంది ఎండుకారం ఒక్కటే తగ్గిస్తారు. పచ్చిమిర్చి, మిరియాలు కూడా తగ్గించమని విడిగా చెప్పాలి.

ఉల్లి, వెల్లుల్లి తినను. ‘జైన్’ అంటే సరిపోతుందా?

ఉత్తరాది శాకాహార హోటళ్ళలో, పావ్ భాజీ దొరికే చోట్ల ఆ ఒక్క మాట చాలు, ప్రత్యేకంగా చేసి ఇస్తారు. అయితే జైన్ అంటే ఆలూ, క్యారెట్ లాంటి దుంపలు కూడా పోతాయి. మీకు దుంపలు కావాలంటే ‘జైన్ కాదు, ఉల్లి, వెల్లుల్లి ఒక్కటే వద్దు’ అనండి. మన టిఫిన్ సెంటర్లలో ఆ మాట అంతగా పనిచేయదు. పల్లీ చట్నీలో వెల్లుల్లి, సాంబారులో ఉల్లి ముందే పడి ఉంటాయి. ఇడ్లీలోకి నెయ్యి, కారప్పొడి అడుగుదామన్నా ఆ పొడిలోనూ వెల్లుల్లి ఉండొచ్చు, కనుక్కోండి.

బఫేకి వెళ్తే గొడవ ఉండదు కదా?

సగం వరకు నిజం. కంటితో చూసి వేసుకోవచ్చు, వద్దన్నది ఎవరూ వడ్డించరు. కానీ యాభై రకాలకు డబ్బు కట్టి నాలుగు రకాలు తినడం నాకైతే కడుపుమంట. మరీ పేచీ ఉన్నవాళ్ళకు బఫే దండగ.

మెస్‌లో భోజనం నాలాంటివాళ్ళకు కుదురుతుందా?

బ్రహ్మాండంగా. పప్పు, కూర, వేపుడు, పులుసు, పచ్చడి అన్నీ విడివిడిగా వస్తాయి, ఏదీ ఇంకోదానిలో కలవదు. ఆకు మీద చెయ్యి అడ్డుపెడితే వద్దని అర్థం, నోరు కూడా విప్పక్కర్లేదు. పైగా మీరు వదిలేసిన కూర బదులు పప్పు ఇంకోసారి వడ్డిస్తారు. కాస్త ముందుగా, పన్నెండున్నరకల్లా వెళ్ళండి. రద్దీ పెరిగాక వడ్డించేవాళ్ళ చెయ్యి మన చెయ్యి కంటే వేగంగా కదులుతుంది.

## ఆర్డర్ ఇచ్చేటప్పుడు

వెయిటర్‌కి ఇవన్నీ చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఎలా చెప్పాలి?

పొట్టిగా, ఒకటో రెండో మాత్రమే చెప్పండి. ఐదు షరతులు చెబితే ఐదూ మర్చిపోతారు. ‘ఎందుకంటే చిన్నప్పుడు ఒకసారి...’ అని కథ మొదలుపెట్టొద్దు.

చెప్పింది వంటగదికి చేరేది కేఓటీ అనే ఆ చిన్న చీటీ మీద. వంట మాస్టర్ మనల్ని చూడడు, ఆ చీటీనే చూస్తాడు. ‘అన్నా, కేఓటీ మీద రాయండి’ అని నవ్వుతూ అనండి, సగం సమస్య అక్కడే పోతుంది. ఇప్పుడు చాలాచోట్ల ట్యాబ్‌లో కొడుతున్నారు, అందులోనూ ఆ మాట రాసే వీలుంటుంది.

భాష కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో వడ్డించేవాళ్ళలో బిహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. ఒక హోటల్లో నేను తెలుగులో ‘కొత్తిమీర వద్దు’ అని నాలుగుసార్లు నొక్కి చెప్పాను. పాపం ఆ కుర్రాడికి అర్థమైంది కొత్తిమీర ఒక్కటే. ఇంతగా అడుగుతున్నాడంటే ఇష్టమేమో అనుకుని గుప్పెడు ఎక్కువ చల్లించి తెచ్చాడు. అప్పటినుంచి ‘భయ్యా, ధనియా నక్కో’ అంటున్నాను. ‘ప్యాజ్ నక్కో’, ‘మిర్చీ కమ్’ కూడా నేర్చుకోండి.

ఒకే చోటికి పదేపదే వెళ్ళడం అన్నిటికంటే మంచి ఉపాయం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నాలుగోసారి వెళ్ళేసరికి మీరు అడగకముందే ‘ధనియా నక్కో, హైనా సాబ్?’ అంటారు.

బిర్యానీలో ఏం మార్చమని అడగొచ్చు?

దాదాపు ఏమీ కుదరదు. హైదరాబాదీ దమ్ బిర్యానీ కచ్చి పద్ధతిలో చేస్తారు. పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి, వేయించిన ఉల్లి, పుదీనా, కొత్తిమీరలో నానిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత బిగించి దమ్ పెడతారు. ఎంతోమందికి సరిపడేంత ఒకే హండీలో అవుతుంది కాబట్టి, మీ ఒక్క ప్లేటులోంచి కొత్తిమీర తీయడం ఎవరివల్లా కాదు.

మీ చేతిలో ఉన్నది ఒకటే, హండీలో ఏ భాగం అడగాలన్నది. మసాలా అంతా అడుగున ఉంటుంది, పైన తెల్లటి, కుంకుమరంగు అన్నం. ‘ఊపర్ కా రైస్ జ్యాదా, మసాలా కమ్’ అంటే కారం సగానికి తగ్గుతుంది. పెరుగు చట్నీలో ఉల్లి ముందే కలిపేస్తారు కాబట్టి వట్టి పెరుగు అడగండి. సాలన్‌ను అన్నం మీద పోయనివ్వకండి. యాలక్కాయ సంగతి మాత్రం ఎవరూ ఏం చేయలేరు, అది మంచి ముక్క కొరికేటప్పుడే పంటికింద పడుతుంది.

పని తొందరగా అవుతుందని ‘అలర్జీ’ అని అబద్ధం చెప్పొచ్చా?

చెప్పొద్దు. ఒకసారి అలర్జీ అన్న మనిషి పది నిమిషాల తర్వాత పక్కవాళ్ళ ప్లేట్లోంచి అదే తినడం వెయిటర్లు చూస్తూనే ఉంటారు. అలా చూసి చూసి, నిజంగా అలర్జీ ఉన్నవాళ్ళు చెప్పినా ‘ఇదీ ఆ బాపతే’ అనుకుంటారు. ‘నాకు పడదండీ’ అనే తెలుగు మాట ఉండనే ఉంది. అందులో అబద్ధమూ లేదు, మర్యాదా తగ్గదు.

నాకు నిజంగానే వేరుశనగ అలర్జీ. దేని దగ్గర జాగ్రత్త పడాలి?

మీకు ఈ ఊళ్ళో ప్రమాదం కూరల కంటే పక్కన పెట్టే గిన్నెల్లో ఎక్కువ. టిఫిన్‌లోకి పల్లీ చట్నీ, బిర్యానీలోకి ఇచ్చే మిర్చీ కా సాలన్, బగారా బైంగన్... వీటన్నిటిలో పల్లీలు, నువ్వులు నూరి వేస్తారు, చూస్తే తెలియదు. పులిహోరలోనూ ఉంటాయి, అవి కంటికైనా కనిపిస్తాయి. పది చోట్లో అంతకంటే ఎక్కువో శాఖలున్న రెస్టారెంట్లు అలర్జీ కలిగించే పదార్థాల వివరాలు తెలపాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది, అడిగి చూడండి. చిన్న హోటళ్ళలో నేరుగా వంట మాస్టర్‌తోనే మాట్లాడించమనండి. గరిటెలు, కడాయిలు అన్నిటికీ ఒకటే కావచ్చు. డాక్టర్ ఇచ్చిన మందు జేబులో లేకుండా బయటికి వెళ్ళొద్దు.

మయోనైజ్‌లో గుడ్డు ఉంటుందా?

అసలు పద్ధతిలో ఉంటుంది, అదీ పచ్చి గుడ్డు. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించడంతో చాలా చోట్ల గుడ్డు లేనిదానికి మారారు. మీరు గుడ్డు తినకపోతే మాత్రం ఊహించుకోకుండా అడగండి. ప్యాకెట్ చూపించమంటే పచ్చ చుక్క ఉండాలి. గోధుమరంగు త్రికోణం మాంసాహారానికి గుర్తు, గుడ్డు ఉన్నా అదే వేస్తారు.

## టేబుల్ దగ్గర

అంత చెప్పినా వద్దన్నది వేసి తెచ్చారు. తిప్పి పంపొచ్చా?

ముట్టుకోకముందు అయితే నిస్సంకోచంగా పంపొచ్చు. సగం తిన్నాక మాత్రం బాగుండదు. అందుకే ప్లేటు రాగానే స్పూనుతో ఒకసారి కలిపి చూసుకోండి. గొంతు పెంచక్కర్లేదు, ‘అన్నా, ఇందులో ఉల్లి వద్దన్నాను, చీటీ ఒకసారి చూడరా’ అంటే చాలు. చీటీ మీద ఉంటే మార్చి తెస్తారు. లేకపోతే ఆర్డర్ తీసుకున్నతను మొహమాటపడతాడు, అప్పుడూ మారుస్తారు. మీరే చెప్పడం మర్చిపోయి ఉంటే ఆ డబ్బు మీదే.

కారం నషాళానికి అంటితే ఏం చేయాలి?

నీళ్ళు తాగొద్దు, మంట పోదు. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పాలు, పెరుగు, మజ్జిగ తాగండి. వాటిలోని కేసీన్ దాన్ని నాలుక మీది నుంచి లాగేస్తుంది. ఇరానీ హోటల్ అయితే పక్కనే ఉస్మానియా బిస్కెట్ ఉంటుంది, అదీ కాస్త ఆదుకుంటుంది.

మందీకి వెళ్తే అందరూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. నాకు అది కుదరదు, ఏమంటారో!

ఏమీ అనరు. రాగానే, ఎవరూ చెయ్యి పెట్టకముందు ‘నాది ఇందులోకి తీసుకుంటా’ అని వేరే ప్లేటు అడిగి తీసేసుకోండి. తినడం మొదలయ్యాక అడిగితేనే అవతలివాళ్ళకు నొప్పి.

నా తిండి మీద జోకులేస్తుంటారు. ఎలా తట్టుకోవాలి?

మొదటి జోకు మీరే వేసేయండి. రెండోది వాళ్ళు వేస్తారు, మూడోదానికి విసుగొచ్చి సినిమాల మీదికి పోతారు. నిజంగా బాధపెట్టేది జోకు కాదు, ‘ఒక్క ముక్క, నాకోసం’ అని నోట్లో కుక్కే ప్రేమ. దానికి మాత్రం గట్టిగానే వద్దనాలి, అవతల ఉన్నది పెద్దమ్మైనా సరే.

## బిల్లు

నేను పెరుగన్నం తిన్నాను, వాళ్ళు ప్రాన్స్ తిన్నారు. బిల్లు సమానంగా పంచుతుంటే ఏం చేయాలి?

ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘నాది విడిగా ఇచ్చేస్తా’ అనండి. బిల్లు వచ్చాక అంటే పిసినారితనంలా వినబడుతుంది. తేడా వందో నూటయాభయ్యో అయితే నేను వదిలేస్తాను. మనకోసం వాళ్ళు హోటల్ మార్చుకున్న రోజులూ ఉంటాయి కదా.

సర్వీస్ చార్జ్ వేశారు. కట్టి తీరాలా?

అక్కర్లేదు. బిల్లులో దాన్ని హోటల్ తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగండి, వినకపోతే 1915 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. జీఎస్‌టీ వేరు, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, అది కట్టాల్సిందే. మీ వంకలన్నీ ఓపిగ్గా విన్న వెయిటర్‌కి మాత్రం చేతికి ఎంతో కొంత ఇవ్వండి. మీరు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

## బయటికి వెళ్ళలేని రోజున

యాప్‌లో ఆర్డర్ పెట్టి ‘ఉల్లి వద్దు’ అని రాస్తే చూస్తారా?

రద్దీ లేని వేళ చూస్తారు. శనివారం రాత్రి తొమ్మిదికి ఆ ఆశ పెట్టుకోవద్దు. రాసేదైనా ఒక్క వాక్యం రాయండి, ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. ఒంటికి పడని పదార్థం సంగతైతే యాప్‌ను నమ్ముకోకుండా హోటల్‌కు ఫోన్ చేయండి.

కర్రీ పాయింట్ నాలాంటివాళ్ళకు నయమేనా?

అన్నిటికంటే నయం. అన్నం ఇంట్లో వండుకుంటారు, కూర కళ్ళతో చూసి కొంటారు, కవర్‌లో కట్టేముందు ‘కాస్త కలిపి చూపించన్నా’ అనొచ్చు. నచ్చకపోతే పోయేది ఒక పొట్లం డబ్బే. సాయంత్రం ఏడు లోపు వెళ్తే వేపుళ్ళు ఇంకా కరకరలాడుతుంటాయి.

ఎప్పటికైనా ఈ వంకలు తగ్గుతాయా?

కొన్ని తగ్గుతాయి, కానీ బలవంతం మీద కాదు. కొత్తదాన్ని మన డబ్బుతో ప్లేటు మొత్తం తెప్పించుకుంటే భయంతోనే తింటాం. పక్కవాళ్ళ ప్లేట్లోంచి గోరంత తీసుకుని, ఆకలిగా ఉన్నప్పుడు, ఇష్టమైనదాంతో కలిపి తినాలి. నచ్చకపోతే ఆరు నెలలు ఆగి మళ్ళీ చూడాలి. నేను అలాగే బగారా బైంగన్ గ్రేవీ దాకా వచ్చాను, ఇప్పుడు బగారా అన్నంలో అడిగి మరీ పోయించుకుంటున్నాను. అందులోని వంకాయ మాత్రం ఇప్పటికీ మా ఆవిడ ప్లేట్లోకే పోతుంది.